సొన్నలిగెకు తిరుగుదారి

ఇష్టలింగమును ఎదపై ధరించిన వానికి క్షేత్రయాత్ర యెందులకు? ఈ ప్రశ్న వీరశైవ గృహములలో తరతరములుగా వినవచ్చుచున్నది. గురువు కరతలమున నుంచిన లింగమునకు మించిన క్షేత్రము లేదని నమ్మినవాడు శివరాత్రికి శ్రీశైలమునకు పోవుటలో అర్థమేమని కొందరు ఆక్షేపింతురు. పోయివచ్చినచో పుణ్యము, అంతటితో సరి యని మరికొందరు సమాధానపడుదురు. రెండును తొందరపాటు మాటలే. శరణుల చరిత్రలు చదివినవారికి వారిలో పెక్కుమంది బాటసారులే యని తెలియును. బసవేశ్వరుడు బాగేవాడి విడిచి కూడలసంగమము చేరెను. పిదప కల్యాణమునకు వచ్చెను. తుదకు మరల సంగమమునకే పోయెను. అక్కమహాదేవి ఉడుతడినుండి కల్యాణమునకును, అచ్చటినుండి శ్రీశైలపు కదళీవనమునకును ఒంటిగా నడచెను. అల్లమప్రభువు ఒకచోట నిలిచిన దినములే తక్కువ. వీరందరు ఏమి వెదకుచు నడచిరో తెలియవలెనన్నచో సొన్నలిగె సిద్ధరామయ్య కథను తలచుకొనవలెను.

కన్నడమున రాఘవాంకుడు రచించిన సిద్ధరామ చరిత్రము ఈ కథకు ప్రసిద్ధమైన ఆధారము. సొన్నలిగె యనగా నేటి మహారాష్ట్రలోని షోలాపురము. ముద్దుగౌడ, సుగ్గవ్వ దంపతుల బిడ్డడు సిద్ధరాముడు. పసితనమున లోకవ్యవహారము పట్టక మందునివలె కనబడుటచే ఇంటివారు పశువులు కాచుటకు పంపెడివారు. ఒకనాడు చేనియొద్దకు ఒక జంగమయ్య వచ్చెను. తాను శ్రీశైలపు మల్లయ్యనని చెప్పెను. కాల్చిన జొన్నకంకులు తిని, కడుపు మండుచున్నది, చల్లయన్నము తెచ్చిపెట్టుమని అడిగెను. బాలుడు ఇంటికి పరుగెత్తి తల్లిచేత అన్నము కలిపించుకొని వచ్చునప్పటికి చేనిలో ఎవరును లేరు. మల్లయ్యా, మల్లయ్యా యని ఏడ్చుచు పొలములన్నియు గాలించెను. ఆ త్రోవను శ్రీశైలయాత్రకు పోవుచున్న భక్తుల గుంపు ఎదురుపడి, మల్లయ్యను చూపెదము రమ్మని వెంటబెట్టుకొని పోయెను.

సొన్నలిగెనుండి శ్రీశైలమునకు 350 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆ దూరమంతయు బాలుని మనస్సున ఉన్నది ఒక్కటే: ఆకలిగొన్న యొకడు అన్నము తినకయే వెడలిపోయెను. యాత్రికులు ఆలయమున లింగమును చూపి ఇతడే మల్లయ్య యనిరి. బాలుడు ఒప్పుకొనలేదు. తనను అన్నమడిగిన మల్లయ్యకు కాళ్లున్నవి, నోరున్నది, ఆకలి యున్నది. ఇచ్చట కనబడునది అతడు కాదనెను. పసివాని తెలియనితనమని నవ్వి ఈ ఘట్టమును దాటిపోవుట తగదు. స్థావరము వేరు, జంగమము వేరు అని బసవేశ్వరుడు కల్యాణమున బోధించిన తత్త్వమును పశువులు కాచు బిడ్డ గుడిలో నిలిచి పలికినాడు. గుడి చూచి తృప్తిపడినవారు అతనిని తెచ్చిన పెద్దలు, తృప్తిపడనివాడు సిద్ధరాముడు. ఆ యాత్రలో ఫలము దక్కినది తృప్తిపడని వానికే.

మల్లయ్యను వెదకుచు అతడు కొండలలో తిరిగి, తుదకు లోయ యంచునకు చేరి దుముకబోగా మల్లికార్జునుడు ప్రత్యక్షమై పట్టుకొనెనని కథ. ఇంతవరకు భక్తచరిత్రలలో తరచుగా కనబడునదే. తరువాత జరిగినది విశేషము. కొండమీదనే యుండి తన్ను కొలువుమని మల్లికార్జునుడు చెప్పలేదు. సొన్నలిగెకు తిరిగిపొమ్మనెను, ఆ యూరినే మరియొక శ్రీశైలము చేయుమనెను. బాలుడు పోయినది దేవునికొరకు. దేవుడు పంపినది ఊరికొరకు. పోయినప్పుడు పశులకాపరి, తిరిగివచ్చినప్పుడు ఊరి బరువు మోయువాడు. అతడు గుడులు కట్టించెను, లింగములు నెలకొల్పెను, అన్నిటికంటె ముఖ్యముగా పెద్ద చెరువు త్రవ్వించెను. వానలు తక్కువైన ఆ నేలలో చెరువు త్రవ్వించుట యనగా మనుష్యులకు, పశువులకు ఏటేట చల్లయన్నము పెట్టుటయే.

అయితే కథ అచ్చట ఆగలేదు. చెరువుపని సాగుచుండగా అల్లమప్రభువు వచ్చి, మీ ఒడ్డర రామయ్య యెక్కడ నున్నాడని కూలివారినడిగెను. చెరువులు త్రవ్వువారిని ఒడ్డరులందురు. తమ గురువును ఆ మాట యన్నందుకు వారు కోపించి అతనిపై రాళ్లు రువ్విరి. అల్లముడు చలింపలేదు. సిద్ధరాముడును మొదట ఆగ్రహించి, పిదప వచ్చినవాడెవడో గుర్తించి తలవంచెనని శూన్యసంపాదన చెప్పుచున్నది. అల్లముని మాట ఆ వృత్తిని కించపరచుటకు కాదు. ఊరికి మేలుచేసినవానికి తన ఊరే, తన పనియే అడ్డుగోడ కాగలదు. నేను త్రవ్వించిన చెరువు, నేను కట్టించిన గుడి యను తలపు ఒక్కొక్క రాయిగా పేరుకొనును. ఆ గోడ దాటింపవలెనన్నచో మరల ప్రయాణమే శరణ్యము. అల్లముడు అతనిని కల్యాణమునకు తోడ్కొనిపోయెను.

ఆ దినములలో కల్యాణము పుణ్యక్షేత్రము కాదు. జ్యోతిర్లింగము లేదు, నదీసంగమము లేదు. చాళుక్యుల రాజధాని, వారి యనంతరము బిజ్జలుని యేలుబడిలోనిది. దానిని వెదకుకొని జనులు వచ్చుటకు కారణము అందుగల మనుష్యులే. కట్టెలమ్ముకొని బ్రతికిన మోళిగె మారయ్య పూర్వాశ్రమమున కాశ్మీరదేశపు రాజని సంప్రదాయము. బట్టలుతుకు మడివాళ మాచయ్య, కిన్నెర వాయించు బ్రహ్మయ్య, మంత్రిపదవిలోని బసవేశ్వరుడు ఒకే చాపమీద కూర్చుండిరి. అందు సిద్ధరాముడు చెన్నబసవేశ్వరుని చేత ఇష్టలింగమును పొందెను. వేరు వేరు ఊళ్లు విడిచి వచ్చినవారు కావుననే ఒకరి మాట మరియొకరికి అవసరమాయెను. పుట్టిన యూరిలోనే యుండినచో కులము గీచిన గీతలు దాటి వారు కలిసికొందురా యనునది ఆలోచింపదగినది. 1167 ప్రాంతమున బిజ్జలుని వధతో శరణులు చెదరిపోయిరి. చెన్నబసవేశ్వరుడు ఉళివి యడవులకు చేరెను. మనుష్యులు వెడలిన పిమ్మట కల్యాణమున మిగిలినది కోటయే. సిద్ధరామయ్య మాత్రము తన సొన్నలిగెకే మరలివచ్చి అచ్చటనే సమాధి చెందెను.

తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమను పేర ఒక భాగమంతయు శ్రీశైలమునకే కేటాయించెను. అందు శివరాత్రికి కొండకు పోవు జనులున్నారు. వారు పాడుకొను తుమ్మెదపదములు, వెన్నెలపదములు, నివాళిపదములు మొదలగువాని పేర్లను కవి వరుసగా చెప్పినాడు. నడచి పోవువారికి పాటకు సమయముండును, ప్రక్కవాని పాట నేర్చుకొనుటకును సమయముండును. నేడు ఘాటురోడ్డుమీద ఉదయము బయలుదేరి, వరుసలో గంటలు నిలిచి, క్షణకాలము దర్శనము చేసికొని, సెల్‌ఫోనులో చిత్రములు తీసికొని సాయంకాలమునకు ఇల్లు చేరువారిని నిందింపబనిలేదు. ఉద్యోగములు, పిల్లల చదువులు అందరికి నున్నవి. కాని వరుసలో ముందు నిలిచిన ముసలమ్మ ఏ యూరినుండి వచ్చినదో అడుగకయే తిరిగివచ్చినవారు శ్రీశైలములో సగమే చూచినట్లు.

ఆ తక్కిన సగమును చూడగోరువారు ఉగాదికి పోవలెను. కర్ణాటక, మహారాష్ట్రములనుండి వేలకొలది భక్తులు కాలినడకను నల్లమలలో ప్రవేశింతురు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారము నెక్కి కొండ చేరుదురు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి సారె తెచ్చు కన్నడ భక్తులు ఇందెందరో యున్నారు. కాళ్లు బొబ్బలెక్కిన ఈ జనమునకు దారిపొడవున తెలుగు పల్లెలవారు పందిళ్లు వేసి మజ్జిగ పోయుదురు, అన్నము పెట్టుదురు. పెట్టువానికి కన్నడము రాదు, తినువానికి తెలుగు రాదు. మల్లయ్య యను పేరు ఇరువురికి వచ్చును.

సొన్నలిగెలోను సంక్రాంతినాళ్లలో సిద్ధరామయ్య జాతర జరుగుచున్నది. ఆయన ఊరిచుట్టు ప్రతిష్ఠించిన 68 లింగములకు ప్రదక్షిణముగా ఏడు నందిధ్వజములు ఊరేగును. తెలంగాణమునుండి మగ్గములపనికై వలసపోయి అచ్చట స్థిరపడిన పద్మశాలీల కుటుంబములు ఆ యూర వేలకొలదిగా నున్నవి. సిద్ధరామయ్య చెరువు నేటికిని ఊరి నడుమనే యున్నది, ఆ నీటి మధ్య ఆయన ఆలయము.