బదరీవృక్షము క్రింద ఏలీయా



1 రాజులు 19వ అధ్యాయము మనకు క్రొత్త కాదు. కర్మెలుమీద అగ్ని దిగుట కన్నులార చూచిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, బెయేర్షెబాలో దాసుని విడిచి, అరణ్యములో ఒంటరిగా బదరీవృక్షము క్రింద చావు కోరుకొనెను. దీనిని విశ్వాసలోపమునకు ఉదాహరణగా బోధించుట మనకు అలవాటు. మనోవేదనకు చికిత్స చేయువారు చదివినయెడల ముందుగా గమనించునది వేరు. దేవుడు అతని గద్దింపలేదు, నిద్రపోనిచ్చెను. దూత లేపి రొట్టె, నీళ్లు చూపెను. మరల నిద్ర, మరల భోజనము. హోరేబులో ప్రశ్న ఆ తరువాతనే. ఏలీయా రెండుమారులు ఒకే ఫిర్యాదు చెప్పగా ప్రభువు రెండుమారులు వినెను. మన ఇండ్లలో ఇంత ఓపిక ఎవరికి ఉన్నది?

పావగడ తాలూకా నాగలమడిక సీమను తలంచుడి. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము, ఏండ్ల తరబడి కరవు, బెంగుళూరుకు వలస. 2016 తరువాత తిరుమణి, వల్లూరు మొదలగు గ్రామములలో సుమారు 13,000 ఎకరములు సౌరవిద్యుత్తుకు కౌలుకు పోయెను. పొలము గలవారికి ఏటేటా కౌలు వచ్చుచున్నది, కూలివారికి పని తగ్గెను. ఇట్టి చోట్ల కౌలు డబ్బు అన్నదమ్ముల మధ్య గోడ కాగలదు. భర్త పట్టణములో, భార్య ఊరిలో ఉన్నప్పుడు ఫోనులో డబ్బు లెక్క తప్ప వేరు మాట లేకపోవచ్చును. అట్టి సహోదరి దిగులని చెప్పదు. తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టదు అనును. నీ ప్రార్థన చాలలేదని మనము చెప్పి పంపుదుము! రక్తపోటుకు మాత్ర మ్రింగుటలో తప్పెంచని మనకు మనసుకు మందు అనగానే విశ్వాసము జ్ఞాపకమునకు వచ్చును. దెబ్బలు తినుచున్న స్త్రీని సహించుమనుట ఓదార్పు కానే కాదు. ఆమెకు ముందు భద్రమైన చోటు కావలెను.

హోరేబు దిగిన ఏలీయాకు ప్రభువు ఎలీషాను తోడిచ్చెను. మన స్త్రీల సమాజమువారు దర్శనమునకు వెళ్లినప్పుడు వాక్యమునకు ముందు అన్నము తింటివా, నిద్ర పట్టుచున్నదా అని అడుగవచ్చును. రెండు వారములు దాటినను నిద్ర, ఆకలి చెడి, ఏ పనిమీదను మనసు పోనియెడల వైద్యునియొద్దకు వెంట వెళ్లుడి. బెంగుళూరులో నిమ్హాన్స్ కలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ 14416కు ఉచితముగా, రాత్రింబగళ్లు, తెలుగులోనే మాటలాడవచ్చును. చావవలెనని అనుకొనుచున్నావా అని సూటిగా అడుగుటకు జంకకుడి. అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు. అవునన్నయెడల ఆ రాత్రి ఒకరు తోడుగా పండుకొనవలెను.