శిష్యుడి శ్రమ

పని నేర్చుకునేవాడు పనివాడా, కాదా? మన చట్టం యీ ప్రశ్నకు 1961లోనే ఒక జవాబు చెప్పింది. ఆ సంవత్సరపు అప్రెంటిసుల చట్టం 18వ సెక్షను ప్రకారం అప్రెంటిసు శిక్షణ పొందేవాడే గాని కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. అంతకు పద్నాలుగేళ్ళ ముందు, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుణ్ణి నిర్వచిస్తూ అప్రెంటిసును కూడా అందులో చేర్చింది. అదే మనిషి, అదే యంత్రం. ఒక చట్టంలో కార్మికుడు, మరో చట్టంలో కాడు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ చిక్కు విప్పింది, అప్రెంటిసును నిర్వచనంలోంచి బయటికి నెట్టి.

యీ జవాబు వెనక ఒక నీతి వుంది. నేర్చుకునేవాడు పుచ్చుకునేవాడు, అతనికి కృతజ్ఞత వుండాలి గాని హక్కు యెక్కడిది? యిది నేటి యాజమాన్యాలు కనిపెట్టిన మాట కాదు. మహాభారతం ఆదిపర్వంలో ధౌమ్యుడి శిష్యుల కథలున్నాయి. గట్టు తెగితే ఆరుణి తన శరీరాన్నే అడ్డం వేశాడు. ఉపమన్యుడిది మరీ ఘోరం. ఆవుల్ని కాస్తాడు. తెచ్చిన భిక్ష అంతా గురువు తీసుకుంటాడు. రెండోసారి భిక్షకు పోతే, తక్కిన భిక్షుకుల కూడు తీస్తున్నావంటాడు. పాలు తాగవద్దంటాడు. దూడల మూతుల నుండి జారిన నురుగూ తాగవద్దంటాడు. చివరికి ఆ కుర్రవాడు ఆకలికి జిల్లేడాకులు తిని, కళ్ళు పోయి, నూతిలో పడతాడు. అశ్వినీదేవతలు వచ్చి చూపు యిచ్చారు సరే. దీన్నే మనం తరతరాలుగా గురుభక్తి అని పిల్లలకు చెబుతున్నాం. నీ వొళ్ళు పుష్టిగానే వుందే, యేం తింటున్నావని గురువు మాటిమాటికీ అడుగుతాడు. నేను కాచిన ఆవుల పాలలో నా వంతు యెంత అని శిష్యుడు ఒక్కసారీ అడగడు.

నేర్పడానికి యజమానికి ఖర్చవుతుంది, చెడిన సరుకు అతని నెత్తినే పడుతుంది అనే వాదం వుంది. మొదటి వారాలలో అది నిజమే. కాని నేర్పడం ఆగి చేయించడం మొదలైన రోజు ఏ కాగితం మీదా నమోదు కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మొదలైన డిగ్రీ పాఠ్యప్రణాళిక పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. మా విద్యార్థిని ఒకామె లెక్కలు రాయడం నేర్చుకోవడానికని ఒక దుకాణానికి వెళ్ళి, రెండు నెలలూ బిల్లులు కొట్టి వచ్చింది. రాత్రి యెనిమిది దాకా యెందుకున్నావమ్మా అంటే, "అడుగుదామనే అనుకున్నానండీ. కాని సర్టిఫికెట్ మీద సంతకం ఆయనదే కదండీ" అంది.

యీమెకు 1961 చట్టమైనా అండగా లేదు. నమోదైన ఒప్పందం వున్న అప్రెంటిసుకు కొంత రక్షణ వుంది: స్టైపెండు వుంది, ఆరోగ్యం, భద్రతల విషయంలో 14వ సెక్షను అతన్ని కార్మికుడితో సమానంగా చూడమంటుంది, పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం యివ్వాలి, తగాదా వస్తే అప్రెంటిస్‌షిప్ సలహాదారు దగ్గరకు పోవచ్చు. కార్మికుడు కాదన్న నోటితోనే చట్టం యివన్నీ యెందుకు చెప్పవలసివచ్చింది? యంత్రం వేలు కోసేటప్పుడు శిక్షణా, కొలువా అని అడగదు గనక.

2013లో, పనిచేసేచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన చట్టం యింకా ముందుకు పోయింది. జీతం వున్నా లేకున్నా, ట్రైనీ అన్నా అప్రెంటిస్ అన్నా మరే పేరు పెట్టినా, ఆమె ఉద్యోగినే అంది. పేరును కాక పరిస్థితిని చూసిన నిర్వచనమిది. ఒకరి ఆజ్ఞకు లోబడి ఒకరు పనిచేసేచోట హక్కు పుడుతుందని వొప్పుకున్నాక, దాన్ని ఒక్క వేధింపుల దగ్గరే ఆపడానికి నాకు న్యాయమైన కారణం కనబడదు. పనిగంటలకూ అదే వర్తించాలి.

హక్కులు తెలుసుకోమని విద్యార్థులకు వుపన్యాసాలివ్వడం తేలిక. ఆ అమ్మాయికి తెలియక కాదు, ఒంటరిగా వుండి అడగలేకపోయింది. ఆమెను పంపిన కాగితం మీద కాలేజీ సంతకమూ వుంది. పనిగంటలు, ప్రయాణపు ఖర్చు, దెబ్బ తగిలితే వైద్యం యెవరిది అన్నవి రాయించనిదే మనం ఆ సంతకం పెట్టనవసరం లేదు. యీ మాట మా అధ్యాపకుల గదిలో అంటే, అలా అయితే యే సంస్థా మన పిల్లల్ని తీసుకోదన్నారొక మిత్రులు. కొన్ని తీసుకోవు. అక్కడ మన పిల్లలు యింతవరకూ యేం నేర్చుకున్నారో చెప్పే నివేదికలు మా బీరువాలోనే వున్నాయి, తీసి చదవవచ్చు.