నడిరాత్రి దీపము



మత్తయి 25వ అధ్యాయములోని పదిమంది కన్యకలకు దివిటీల అక్కర పగలు రాలేదు, నడిరాత్రి వచ్చెను. రేపల్లె ప్రాంతపు రొయ్యల చెరువుల యొద్ద కాపలా పండుకొనువారికి ఈ సంగతి బోధింప నక్కరలేదు. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. అప్పుడు ఏరియేటర్లు ఆగినయెడల రొయ్య చచ్చును, అప్పు మాత్రము బ్రదికియుండును. ఆ వేళ సూర్యుడుండడు. ఇబ్రహీంపట్నములో బొగ్గు మండవలెను. కరెంటు పోయిన డీజిలు కాల్చవలెను.

ఆ పొగయే లోకమును వేడెక్కించుచున్నది. వేడెక్కిన సముద్రము తుపానులకు బలమిచ్చును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల యొద్దనే తీరము దాటి వరిచేలను ముంచెను గదా!

పగటి విద్యుత్తుతో నీటిని పైకెత్తి, రాత్రి క్రిందికి విడుచు పథకమును నంద్యాల జిల్లా పిన్నాపురములో చేపట్టిరి. సిద్దెలలో నూనె దాచుట వంటిదే యిది.

2024లో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము ఇంటికప్పు మీది సౌరఫలకలకు రూ. 78,000 వరకు సాయమిచ్చుచున్నది. తెనాలిలో డాబాలు గలవారికి మేలే. అద్దె యిండ్లవారు, తాటాకు పాకలవారు ఏమి చేయుదురు? నూనె తేనివారిని బుద్ధిలేనివారనిరి. వీరికి అంగడియే తెరువబడలేదు. రాబోవు గ్రామసభలో మన సంఘపెద్దలు వీరి పక్షమున ఈ మాట అడుగవలెనని కోరుచున్నాము.