మూడేళ్ళ ఖర్చు

మా పిన్ని వాళ్ళది పటమట. బాబాయి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. వాళ్ళమ్మాయికి జడ్జి కావాలని కోరిక. ఐదేళ్ళ లా కోర్సు చదువుతూనే జడ్జి పరీక్షకి ప్రిపేరయ్యేది. మేడ మీద రేకుల గదిలో గోడ నిండా సెక్షన్ల నంబర్లు అతికించి ఉండేవి. 2024 జూలై 1న కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాక పాత నంబర్ల పక్కన కొత్తవి రాసుకుంది. 302 పక్కన 103, 420 పక్కన 318. "జనం నోట్లో నానిన ఫోర్ ట్వంటీ కూడా మారిపోయింది అన్నయ్యా" అని నవ్వేది.

2025 మే 20న ఆ గోడంతా మూడేళ్ళు వాయిదా పడింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి అప్లై చేయాలంటే కనీసం మూడేళ్ళు లాయరుగా ప్రాక్టీసు చేసి ఉండాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నియమం కొత్తదేం కాదు. 1993లో ఆ కోర్టే పెట్టింది, శెట్టి కమిషన్ సిఫార్సు చూసి 2002లో తీసేసింది. మూడేళ్ళు ఆగమంటే తెలివైన పిల్లలు ఇటు రారన్నది అప్పటి వాదన. కాలేజీ నుంచి నేరుగా బెంచి ఎక్కినవాళ్ళతో ఇబ్బందులు పడుతున్నామని చాలా హైకోర్టులు చెప్పాయన్నది ఇప్పటి వాదన.

ఆ రోజు ఫోన్‌లో నేను తీర్పునే సమర్థించాను. నేను రాసిన కోడ్‌లో తప్పు దొర్లితే పాత వెర్షన్ మళ్ళీ పెట్టేస్తాం, అంతటితో సరి. జూనియర్ సివిల్ జడ్జి చాలాచోట్ల ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కూడా. ఆ హోదాలో ఒక మనిషికి మూడేళ్ళ దాకా జైలుశిక్ష వేయొచ్చు. రిమాండు కాగితం మీద సంతకం పడితే ఆ మనిషి ఆ రాత్రి జైల్లోనే పడుకుంటాడు. తర్వాత కేసు గెలిచినా ఆ రాత్రి వెనక్కి రాదు. అలాంటివాళ్ళ మీద పని నేర్చుకునే హక్కు కొత్తగా వచ్చినవాళ్ళకి ఎవరిచ్చారు?

తను అంతా విని, "కరెక్టే అన్నయ్యా. మరి ఆ మూడేళ్ళూ ఇంటద్దె ఎవరు కడతారు?" అంది.

న్యాయం గురించి మాట్లాడుతుంటే మధ్యలో అద్దె గోలేంటి అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అసలు ప్రశ్న అదే అనిపిస్తోంది.

తీర్పు చెప్పడం ఎవరికీ పుట్టుకతో రాదు. నేర్చుకోవాలి, నేర్చుకోవడానికి ఖర్చవుతుంది. బెంచి మీద కూర్చుని నేర్చుకుంటే ఆ ఖర్చు కక్షిదారు భరిస్తాడు. లాయరుగా తిరిగి నేర్చుకుంటే ఆ పిల్ల ఇంట్లోవాళ్ళు భరిస్తారు. ఈ నియమం చేసిందల్లా బరువుని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చడం. కక్షిదారు భుజం మీంచి దించాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ దాన్ని ఎత్తుకునే ఇళ్ళన్నీ ఒకటి కాదు. నాన్న పేరున్న లాయరైతే మూడేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది, కానీ అది సూచనే. ఆడపిల్లయితే ఇంకో లెక్క కూడా ఉంటుంది. పిన్ని ఇప్పుడు మూడేళ్ళని పెళ్ళి సంబంధాల్లో కొలుస్తోంది.

తను ఇప్పుడు ఒక సీనియర్ దగ్గర చేరి విజయవాడ కోర్టులకి వెళ్తోంది. మొన్న ఫోన్ చేసి ఒక ముసలావిడ సంగతి చెప్పింది. స్థలం గొడవ కేసు. కంకిపాడు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. మధ్యాహ్నం దాకా కూర్చుంటే కేసు పిలిచారు, నిమిషంలో వాయిదా పడింది. "ఒక్కో పార్టీకి మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదని సీపీసీ ఆర్డర్ 17లో ఉంది. పరీక్షలో అడిగితే రెండు సెకన్లలో టిక్ పెట్టేదాన్ని. ఆవిడ వచ్చి 'మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారమ్మా' అని అడిగితే మాత్రం నోరు పెగల్లేదు" అంది.

కాబట్టి అనుభవం అబద్ధం కాదు. ఏ కోచింగ్ సెంటరూ ఆ ముసలావిడని చూపించలేదు. కానీ నియమం కొలిచేది ఆవిడని చూశావా లేదా అని కాదు, మూడేళ్ళు గడిచాయా అని. పదేళ్ళ అనుభవమున్న లాయరు ఇచ్చే సర్టిఫికెట్‌ని ఒక న్యాయాధికారి ధ్రువీకరిస్తే చాలు. ఆవిడ వైపు తలెత్తి చూడనివాళ్ళకీ అది దొరుకుతుంది.

మా ఫీల్డులో ఫ్రెషర్‌కి నేర్చుకునే నెలలకీ జీతం ఇస్తారు, ఎందుకంటే ఆ నేర్పు రేపు కంపెనీకే పనికొస్తుంది. జడ్జి నేర్పు ఎవరికి పనికొస్తుంది? మనందరికీ. అలాంటప్పుడు ఖర్చు కూడా మనందరిదీ కావాలి. ఎంపికైనవాళ్ళకి కనీసం ఏడాది శిక్షణ ఇచ్చాకే కోర్టు అప్పగించాలని ఆ తీర్పులోనే ఉంది. ఆ ఏడాదినే రెండో మూడో చేసి, జీతమిస్తూ, లాయర్ల పక్కనా కక్షిదార్ల బెంచీల మీదా కూర్చోబెట్టొచ్చు కదా? అధికారం ఆలస్యంగా ఇవ్వడం న్యాయమే. అన్నం కూడా ఆలస్యంగా పెట్టడం ఏం న్యాయం?

ఈ మాటే అంటే, "నా సంగతి వదిలెయ్ అన్నయ్యా, నాన్న ఎలాగోలా లాక్కొస్తున్నాడు" అంది. తనతోపాటు అదే రేకుల గదిలో చదువుకున్న ఇంకో అమ్మాయి ఉండేది. తీర్పొచ్చిన రెండు నెలలకి పుస్తకాలన్నీ మా చెల్లికే ఇచ్చేసి హైదరాబాద్‌లో కాల్ సెంటర్ ఉద్యోగంలో చేరిపోయింది. సెక్షన్లు తనకంటే ఆ అమ్మాయికే బాగా వచ్చేవట. ఆ అమ్మాయి మంచి జడ్జి అయ్యేదో కాదో ఇక ఎవరికీ తెలీదు.