ఇచ్చేశాక మిగిలే పని

వేగం మోజులో నేనొకసారి ఒక తప్పు చేశాను.

కొత్త కంప్యూటరులో పాత కంప్యూటరు వేషం వేసే ప్రోగ్రాములుంటాయి. వాటినే ఎమ్యులేటర్లంటారు. ఎప్పుడో మూలనపడ్డ యంత్రం కోసం రాసిన ప్రోగ్రాము, తానింకా ఆ యంత్రంలోనే ఉన్నాననుకుని నడిచిపోతుంది. అలాంటి ఒక చిన్న ఓపెన్‌సోర్స్ ఎమ్యులేటర్‌కి సెలవురోజుల్లో సరదాగా పని చేసేవాణ్ణి. అందులో ఒక తనిఖీ నా కంటబడింది. ప్రోగ్రాము మెమరీలో ఏది రాసినా ప్రతిసారీ ఆ తనిఖీ జరగాల్సిందే. ఎందుకో పక్కన ఒక్క ముక్క రాసిలేదు. తీసేసి చూశాను. అన్నీ నడిచాయి, పైగా ముందుకన్నా జోరుగా. అందరూ మెచ్చుకున్నారు.

కొన్ని వారాలకు ఎవరో రాశారు, వాళ్ల నాన్న కాలేజీ రోజుల్లో రాసుకున్న చిన్న ఆట ఇప్పుడు మొరాయిస్తోందని. ఆ ఆట నడుస్తూ నడుస్తూనే తన ఆదేశాలను తానే తిరగరాసుకునే రకం. ఆ మార్పును పసిగట్టడానికే ఆ తనిఖీ.

తప్పు నాదే, సందేహం లేదు. కానీ ఆ లైను రాసినాయనకు కారణం తెలుసు. అది నాకు తెలిసే దారే లేదు. అప్పట్నుంచీ ఒక ప్రశ్న వదల్లేదు: సోర్స్ కోడ్ అందరి ముందూ పెట్టేస్తే ఇచ్చినట్టేనా? అర్థమయ్యేలా చెప్పే బాధ్యత కూడా ఇచ్చినవాడిదేనా?

కాదనే వాదన బలమైనదే. జీతం లేకుండా, నిద్ర మానుకుని రాసిన మనిషిని ‘ఇంకా వివరించు’ అని నిలదీసే హక్కు ఎవరికుంది? దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టకూడదు కదా. ఓపెన్‌సోర్స్ లైసెన్సులు కూడా మామూలుగా ‘ఏ హామీ లేదు’ అనే చెప్తాయి.

అయినా క్యూఎము కథ చూడండి. ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెల్లార్ 2003లో మొదలుపెట్టిన ఎమ్యులేటర్ అది. పరాయి యంత్రపు ఆదేశాలను గుంపులు గుంపులుగా అనువదించి దాచుకుంటుంది. అదే గుంపు మళ్లీ వస్తే దాచిన అనువాదాన్నే నడుపుతుంది. దాని వేగానికి మూలం అదే. మొదట్లో ఈ అనువాదం కోసం జీసీసీ కంపైలర్ తయారుచేసిన మెషీన్ కోడ్ ముక్కలను కత్తిరించి అతికించేది. గొప్ప ఉపాయమే. కాకపోతే, ఆ ముక్కలు ఎప్పుడూ ఒకే తీరులో ఉంటాయన్న నమ్మకం మీద నిలబడిన ఉపాయం. జీసీసీ 4 వచ్చాక ఆ తీరు మారిపోయింది, ఉపాయం పట్టు తప్పింది.

2008లో బెల్లార్ టీసీజీ అనే సొంత కోడ్ జనరేటర్‌ను తెచ్చాడు. దాంతోపాటే ఒక రీడ్‌మీ ఫైలు పెట్టాడు, ఏ ఆదేశం ఏం చేస్తుందో వివరిస్తూ. తర్వాత ఆయన ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకున్నాడు. క్యూఎము ఆగలేదు. 2003 నాటికి పుట్టనే పుట్టని రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌ను కూడా వేరేవాళ్లు అందులో చేర్చారు. అదంతా ఒక్క ఫైలు మహిమ అని అనను. కానీ దాన్ని రాసిన మనిషి తను లేని రోజునొకదాన్ని ఊహించుకున్నాడనే అనిపిస్తుంది.

ఇంతకీ వివరించడం మనకెందుకు బరువు? వేగాన్ని కొలవొచ్చు, అంకె చూపించి శభాష్ అనిపించుకోవచ్చు. రాసిపెట్టిన ఒక వాక్యం వల్ల ఎన్ని తప్పులు జరక్కుండా ఆగాయో ఎవరు లెక్కగడతారు? మెప్పు రాని పని గనక అది ఎప్పుడూ ‘తర్వాత చూద్దాం’లో ఉండిపోతుంది.

ఆ లైను రాసినాయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయన బాకీ ఏమీ పడలేదు. కారణం తెలియనంతకాలం నేనూ పడలేదు. తెలిశాక మాత్రం పడ్డాను. దెబ్బ తిని నేర్చుకున్న విషయం రాయకుండా వదిలేస్తే, తర్వాతివాడు కూడా అదే దెబ్బ తినాలని నేను ఒప్పుకున్నట్టే.

తనిఖీని మళ్లీ పెట్టాను. వేగం తగ్గింది. పక్కన రెండు లైన్లు రాశాను, ఇది ఎందుకుందో, తీస్తే ఏమవుతుందో. రేపెవరైనా వేగం కోసం దాన్ని తీసేయొచ్చు. కానీ తెలిసే తీస్తారు.