ఆడేవాడిదా తప్పు, ఆడించేవాడిదా?

ఈ మధ్య మాకు తెలిసిన ఒక తల్లి మా ఇంటికి వచ్చి కూర్చుంది. భర్త ఆటో నడుపుతాడు. ఆమె ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. కొడుకు ఏడో తరగతి. బడి ఫీజు కోసం కూడబెట్టిన 8,400 రూపాయలు రెండు వారాల్లో వందా, రెండు వందలుగా ఫోనులోంచి కరిగిపోయాయి. పిన్ నంబరు పిల్లవాడికి తెలుసు. అమ్మకు ఫోనులో డబ్బు పంపడం నేర్పింది వాడే. నిలదీస్తే, ఆటలో పెట్టెలు కొన్నానని ఒప్పుకున్నాడు. పెట్టె తెరిస్తే బంగారు రంగు తుపాకీ రావచ్చు. రాలేదు. మళ్ళీ కొన్నాడు. మళ్ళీ రాలేదు. తండ్రి బెల్టు తీశాడు, తల్లి అడ్డుపడింది. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "నా కొడుకు దొంగయ్యాడా, మాస్టారూ?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అడగకుండా తీయడం తప్పే. కాని ఆ సొమ్ము గాలిలో కలిసిపోలేదు కదా! ఎవరో అందుకున్నారు. అందుకున్న ఆ చేతి సంగతి ఏమిటి? ప్రియ పాఠకులారా, ఈ వారం ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

మా చిన్నతనంలో బడి పక్కన చిల్లర కొట్టులో ఒక అట్ట వేలాడేది. దాని నిండా మడిచి అంటించిన చీటీలు. పది పైసలిస్తే ఒక చీటీ చింపుకోవచ్చు. బిళ్ళో, చిన్న బుడగో వచ్చేది. అందరి కళ్ళూ ఉన్న పెద్ద బుడగ మాత్రం చివరిదాకా అట్ట మీదే ఉండేది. అదీ ఒక రకం జూదమే. అయితే జేబులో పది పైసలు అయిపోతే ఆట అయిపోయేది. కొట్టు తాత కూడా "ఇక చాలు, ఇంటికి పో" అని కసిరేవాడు. నేటి అట్టకు చీటీలు తరగవు. కసిరే తాతా లేడు.

ఈ పెట్టెలను వీడియో గేముల పరిశ్రమలో 'లూట్ బాక్సులు' అంటారు. ఆట ఉచితం, లోపల దుకాణం ఉంటుంది. అక్కడ రూపాయలు చెల్లవు. ముందుగా రూపాయలిచ్చి వజ్రాలో, నాణేలో కొనాలి. వాటితో పెట్టె కొనాలి. పెట్టె ధరకు సరిగ్గా సరిపోయే నాణేలు తరచుగా అమ్మరు. కొన్ని మిగులుతాయి, ఆ మిగులు వృథా పోకూడదని మళ్ళీ కొనిపిస్తుంది. ఎంత ఖర్చయిందో పెద్దలకే లెక్క చిక్కదు. ఇక పన్నెండేళ్ళవాడికి ఏం చిక్కుతుంది?

ఈ ఏర్పాటు యాదృచ్ఛికం కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియని పావురం, గింజలు ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. జూదశాలల యంత్రాలు ఈ సూత్రం మీదనే నడుస్తాయి. లూట్ బాక్సుకూ అదే పునాది. విపరీతంగా ఖర్చు చేసే ఆటగాళ్ళను ఈ పరిశ్రమలో 'తిమింగలాలు' అంటారు. అది జూదశాలల నుంచి వచ్చిన మాటే. మనిషిని వేటగా చూసే చూపు ఆ ఒక్క పేరులోనే బయటపడుతోంది.

అవతలివారి వాదన కూడా వినాలి. 2019లో బ్రిటన్ పార్లమెంటు సంఘం ముందు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ప్రతినిధి, ఇవి జూదం కావు, ఆశ్చర్యం కలిగించే ఏర్పాట్లు మాత్రమేనని, లోపల బొమ్మ దాచిన చాక్లెట్ గుడ్డు వంటివని చెప్పారు. ఎవరినీ బలవంతం చేయడం లేదు, ఇష్టమైనవారే కొంటున్నారు, ఆట తయారీకి కోట్లు ఖర్చవుతాయి, ఆ సొమ్ము ఎక్కడో ఒకచోట రావాలి కదా అని మరికొందరంటారు. చివరి మాట నిజమే. ఆట ఒక కళ, ఒక శ్రమ. శ్రమకు కూలి న్యాయం. పిల్లలు ఆడుకోవడమూ తప్పు కాదు.

కాని న్యాయమైన బేరానికి మూడు గుర్తులుంటాయి. కొనేవాడికి తానేమి ఇస్తున్నాడో తెలియాలి. ఏమి పొందుతున్నాడో తెలియాలి. వద్దనే శక్తి ఉండాలి. సంతలో వంకాయలమ్మే అవ్వ కూడా ఈ మూడూ పాటిస్తుంది. లూట్ బాక్సు మొదటిదాన్ని నాణేల మాటున దాస్తుంది. రెండవదాన్ని పెట్టెలో దాస్తుంది. మూడవదాన్ని పావురం సూత్రంతో నీరుగారుస్తుంది. ఇక 'ఇష్టపడి కొన్నాడు' అనే మాటకు విలువెంత?

చట్టాలు కొంత కదిలాయి. 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ కొన్ని పేరున్న ఆటల్లోని పెట్టెలు చట్టవిరుద్ధమని తేల్చింది. నెదర్లాండ్స్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు వేసిన కోటి యూరోల జరిమానాను మాత్రం 2022లో అక్కడి ఉన్నత న్యాయస్థానం కొట్టివేసింది. పొరపాటున ఒక్క మీట నొక్కినా డబ్బు పోయేలా తెరను అమర్చారన్న అభియోగంపై, 'ఫోర్ట్‌నైట్' తయారుచేసిన ఎపిక్ గేమ్స్ అమెరికాలో 24 కోట్ల 50 లక్షల డాలర్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి 2022 డిసెంబరులో ఒప్పుకుంది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. దాని గురి పందెపు సొమ్ము మీద. బంగారు తుపాకీ పెట్టె పేరు అందులో లేదు. ఒకే పెట్టె ఒక దేశంలో నేరం, పక్క దేశంలో వ్యాపారం. కనుక తప్పొప్పులను చట్టానికే వదిలేసి చేతులు దులుపుకోలేము. అంతరాత్మ తీర్పు చెప్పవలసిన చోటు ఇది.

ఇందులో ఆడేవారి సంస్కృతికీ వంతుంది. 'ఫోర్ట్‌నైట్' ఆడే పిల్లల్లో, డబ్బు పెట్టి కొత్త వేషం కొనుక్కోనివాడిని 'డిఫాల్ట్' అని ఎగతాళి చేసే అలవాటు పుట్టింది. అంటే ఉచితంగా వచ్చిన బట్టలవాడని అర్థం. చిరుగు చొక్కా పిల్లవాడిని చూసి నవ్వడానికీ దీనికీ తేడా ఏమిటి? పిల్లవాడు తుపాకీ కోసమే కాదు, తోటివారి ముందు చిన్నబోకుండా ఉండటానికి కూడా కొంటాడు. దుకాణదారుకు ఈ సంగతి బాగా తెలుసు.

అదే సంస్కృతిలో మేలు కూడా ఉంది. 2017లో 'స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2' ఆటలో బలం పెట్టెల్లో అమ్మడాన్ని చూసి ఎదురుతిరిగింది పెద్దలు కాదు, ఆటగాళ్ళే. విడుదలకు కొద్ది గంటల ముందు కంపెనీ ఆ అమ్మకాలు ఆపవలసి వచ్చింది. 2023లో బెల్జియంలోని లారియన్ సంస్థ 'బాల్డర్స్ గేట్ 3' ఆటను ఒకే ధరకు అమ్మింది. లోపల పెట్టెల దుకాణం పెట్టలేదు. ఆ ఏడాది మేటి ఆటగా దానికే బహుమానం దక్కింది. నిజాయతీతో వ్యాపారం సాగదనే మాట అబద్ధమని తేలింది కదా!

మరి ఆ తల్లి ప్రశ్నకు జవాబు? తప్పు బరువును తెలివితో తూచాలి. పిల్లవాడికి తెలిసింది ఒక్కటే: అమ్మ డబ్బు అడగకుండా తీస్తున్నానని. దానికి వాడు సిగ్గుపడాలి, పడ్డాడు కూడా. కాని పెట్టె అమ్మినవాడికి అన్నీ తెలుసు. ఎన్నోసారికి వస్తువు పడుతుందో తెలుసు, ఎప్పుడు ఆశ పెట్టాలో తెలుసు. ఆడేవారిలో పిల్లలున్నారనీ తెలుసు. తెలిసి వల పన్నినవాడి తప్పు, తెలియక చిక్కినవాడి తప్పు కంటే బరువైనది. అల్లరి చేయకుంటే చాలని ఫోను చేతికిచ్చి, ఏమాడుతున్నావని ఒక్కనాడూ అడగని మనకూ అందులో భాగముంది.

ఆమెతో ఇలా అన్నాను: "తప్పు జరిగిందమ్మా. కాని దాన్నంతా వాడొక్కడి నెత్తిన పెట్టకండి. కొట్టవద్దు. వాడి వంతు వాడితోనే తీర్పించండి. పక్కన కూర్చుని ఆ ఆట ఏమిటో చూపించమనండి. పిన్ నంబరు మార్చండి."

ఇప్పుడు ఆ అబ్బాయి ఆదివారాలు అమ్మ కుట్టిన జాకెట్లకు హుక్కులు కుడుతున్నాడు. జాకెట్టుకు ఇంత అని పుస్తకంలో రాసుకుంటున్నాడు. 8,400 తీరడానికి చాలా ఆదివారాలు పడతాయి. వాడు తన వంతు బాకీ తీరుస్తున్నాడు. మిగిలినవారి వంతు బాకీని ఎవరు అడగాలి? పిల్లలను కన్న మనమే అడగాలి.