తీగ తల్లి, గుడ్డ తల్లి

సైకాలజీ పుస్తకాల్లో ఒక ఫొటో తరచూ కనిపిస్తుంది. ఇనపతీగతో అల్లిన బొమ్మ ఒకటి, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ ఇంకొకటి. గుడ్డ బొమ్మని కరుచుకుని ఒక కోతిపిల్ల. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో హ్యారీ హార్లో చేసిన ప్రయోగం అది. 1958లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఇచ్చిన ప్రసంగంలో దాన్ని 'ప్రేమ స్వభావం' అన్న పేరుతో వివరించాడు. పాలసీసా తీగ తల్లికే ఉన్నా, పిల్ల తాగేసి మళ్లీ గుడ్డ తల్లి దగ్గరికే పోయేది. తల్లితో బంధానికి పాలకన్నా స్పర్శ ముఖ్యమని తేలింది.

ఈ ప్రయోగానికి స్త్రీవాదులం రుణపడి ఉన్నామా అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. వాడుకున్నవాళ్లలో మనమూ ఉన్నాం మరి. అంతకు ముందు జాన్ వాట్సన్ 1928లో పుస్తకం రాసి మరీ, పిల్లల్ని ముద్దుపెట్టుకోవద్దనీ ఒళ్లో కూచోబెట్టుకోవద్దనీ తల్లులకి బోధించాడు. ఆ భారాన్ని హార్లో కొంత దించాడు. పాలే ముఖ్యం కానప్పుడు బిడ్డని మగవాడూ పెంచగలడని, కాస్త సరదాగానే అయినా, ఆ ప్రసంగంలోనే అన్నాడు. పెంపకం ఆడదాని ఒంట్లోనే రాసిపెట్టి ఉన్న పని కాదని వాదించేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఆ ఫొటోలో కన్నతల్లి లేదు. అది రీసస్ కోతి. ఉత్తరాదిన గుళ్ల దగ్గరా రైల్వేస్టేషన్లలోనూ తిరిగే ఎర్రమొహం కోతి. 1978లో ఎగుమతి నిషేధించేదాకా అమెరికా లాబొరేటరీలకి ఈ కోతుల్ని వేల సంఖ్యలో పంపింది మన దేశమే. పుట్టిన కొన్ని గంటల్లోనే పిల్లని తల్లి నుంచి వేరుచేశారు. ఈ ప్రయోగం గురించి చెప్పుకునేటప్పుడు మనం కూడా పిల్ల గురించే మాట్లాడతాం.

తర్వాత జరిగింది పాఠ్యపుస్తకాల్లో అంతగా రాదు. ఒంటరిగా బోనుల్లో పెరిగిన ఆడకోతులు పెద్దయ్యాక మగకోతుల్ని దగ్గరికి రానివ్వలేదు. అవి ఎలాంటి తల్లులవుతాయో మాత్రం చూడాలి. అందుకని వాటిని కదలకుండా కట్టిపడేసే చట్రం ఒకటి చేశారు. దానికి హార్లో స్వయంగా పెట్టుకున్న పేరు 'రేప్ రాక్'. పుట్టిన పిల్లల్ని కొన్ని తల్లులు పట్టించుకోలేదు, కొన్ని కొట్టాయి, కొన్ని చంపేశాయి. ఎంత తోసేసినా పిల్లలు మాత్రం ఆ ఒంటినే వెతుక్కుంటూ వచ్చేవి.

"ఇదంతా అమ్మమ్మని అడిగినా చెప్పేదిగా" అంటారు కొందరు. నాకా మాట పూర్తిగా నచ్చదు. ముర్రుపాలు పిండి పారబోయమన్నదీ అమ్మమ్మలే. అనుభవాన్ని పరీక్షకి పెట్టడంలో తప్పు లేదు. అయితే అనాథాశ్రమాల్లో బిడ్డలు వాడిపోవడం చూసి రెనే స్పిట్జ్ 1945లోనే రాశాడు. ఆయన పద్ధతి మీద విమర్శలొచ్చాయి, నిజమే. అయినా చూడదలుచుకున్నవాళ్లకి అక్కడ చాలానే కనిపించింది. చూసి చెప్పిన మాట చాలదు, బోనులో పెట్టి కొలిచిందే రుజువు అని నిర్ణయించింది ఎవరు? హార్లో భార్య మార్గరెట్ కూడా సైకాలజిస్టే. 1948లో పెళ్లయ్యాక, దంపతులు ఒకేచోట పనిచేయకూడదన్న యూనివర్సిటీ నిబంధన వల్ల ఆమె ఉద్యోగం పోయింది. మాతృప్రేమ మీద లెక్కలు కట్టిన చోట ఎవరికి కుర్చీ ఉందో, ఎవరికి లేదో దీన్నిబట్టి కొంత తెలుస్తుంది.

మనకీ రీసస్ కోతికీ ఉమ్మడి పూర్వీకులు సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల కిందటివాళ్లు. ఆ చుట్టరికం వల్లే కోతిపిల్ల బెంగ మన బిడ్డ బెంగకి సాక్ష్యమైంది. సాక్ష్యానికి పనికొచ్చినంత బెంగ అయితే, జాలికి పనికిరాకుండా ఎలా పోయింది? మనలాంటిది కాదంటే ఆ ప్రయోగమే వ్యర్థం. మనలాంటిదే అంటే ఆ చట్రం గురించి ఏం చెప్తాం? ఈ ప్రశ్నకి హార్లో దగ్గరే కాదు, ఆయన ఫలితాన్ని హాయిగా ఉదహరించే మన దగ్గరా జవాబు లేదు.

1972లో ఆయనా సువోమీ కలిసి, ఒంటరితనంలో పాడైపోయిన మగపిల్లల్ని బాగుచేయడానికి మామూలుగా పెరిగిన చిన్న కోతిపిల్లల్ని వాటి బోనుల్లోకి పంపారు. మూడు నెలల వయసువి. అన్నీ ఆడపిల్లలే. అవి వెళ్లి ఆ పెద్దవాటిని పట్టుకుని వేలాడాయి, మెల్లగా ఆటలోకి దించాయి. శాస్త్రవేత్తలు వాటిని 'థెరపిస్టులు' అన్నారు. సేవకి అక్కడా ఆడపిల్లలే దొరికారు.

తెలిసిపోయినదాన్ని తెలియనట్టు నటించలేం. ప్రసూతి వార్డులో బిడ్డని తల్లి గుండె మీద పడుకోబెట్టడం మానమని నేననను. కానీ దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ అక్కర్లేదో చూసుకోవచ్చు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలన్నారు. ఇంట్లో బీడీలు చుట్టే, కూలికి పత్తి ఏరే ఆడవాళ్ల దాకా అది రాలేదు. వాళ్ల కోసం క్రెష్ అడిగేటప్పుడు, తండ్రి కూడా పెంచగలడని తీగ బొమ్మల సాక్షిగా నిరూపించాల్సిన పని లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి పనిచేసే మనిషి బిడ్డని ఎక్కడ పడుకోబెట్టాలి అని అడిగితే చాలు.